ఇంటికీ పొలానికీ ఒకే బండి: డబుల్ క్యాబ్ పికప్ కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలు



సంతలో కూరగాయల ట్రేలు దింపే వీడియో పెట్టిన దగ్గర్నుంచి విత్తనాల గురించి కన్నా వెనక నిలబడ్డ బండి గురించే ఎక్కువమంది అడుగుతున్నారు. "అన్నా, ఆ డబుల్ క్యాబ్ ఇంటికి కూడా పనికొస్తదా? పిల్లల్ని స్కూలుకి దింపొచ్చా? కారు అమ్మేసి అదే తీసుకోమంటారా?" అని. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది. పైన ఉన్న వీడియోలో బండిని చూపించాను. వీడియోలో చూపించలేని కాగితాల లెక్క ఇక్కడ రాస్తున్నాను. అసలు విషయం ఆ కాగితాల్లోనే ఉంది.

ముందే ఒక మాట. నా బండి కంపెనీ పేరు ఇందులో రాయడం లేదు. పేరు రాస్తే లెక్క వదిలేసి అదే కొనేస్తారు. మా ఇంటికి సరిపోయింది మీ ఇంటికి సరిపోవాలని లేదు. పికప్ విషయంలో కంపెనీ పేరు ఆఖరున చూసుకోవాలి. ముందు చూడాల్సినవి మూడు: బరువు, బోర్డు, పాలసీ.

మన పనికి పికప్ ఎందుకు నచ్చుతుంది

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ల బండిలో ఏం తిరుగుతుందో మీకు తెలుసు. ఆవు మూత్రం క్యాన్లు, పేడ, జీవామృతం డ్రమ్ములు, ఘనజీవామృతం బస్తాలు, వేపపిండి, మట్టి అంటిన కూరగాయలు. కారు డిక్కీలో ఒక్కసారి మూత్రం క్యాన్ ఒలికితే ఆ వాసన సీజన్ అంతా వదలదు. ఎస్‌యూవీ పెద్దదే, కానీ దాని వెనక భాగం కూడా మనం కూర్చునే గదిలోదే. పికప్‌లో మనుషుల గది వేరు, సరుకు తొట్టి వేరు. సాయంత్రం పైపు పెట్టి తొట్టి కడిగేస్తే ఉదయం పిల్లలు అదే బండిలో స్కూలుకి వెళ్లొచ్చు.

ఇంకోటి, మనలో చాలామంది పంటని దళారీకి ఇవ్వకుండా నేరుగా తినేవాళ్లకి అమ్ముతున్నాం. వారానికి ఒకటి రెండు రోజులు పట్నం పోవాలి. పోయేటప్పుడు సరుకుతో పాటు ఇంట్లో ఇద్దరు ముగ్గురు కూడా రావాలి. ఒకరు తూకం వేస్తే ఒకరు డబ్బులు చూసుకోవాలి. ఆ రోజు ఒకే బండి కారూ అవ్వాలి, లారీ కూడా అవ్వాలి. డబుల్ క్యాబ్ మీద మనసు పోయేది అందుకే. చిక్కు వచ్చేదీ అక్కడే.

నాలుగు వారాల పుస్తకం

షోరూమ్‌కి పోయే ముందు ఒక నోటు పుస్తకం పెట్టండి. నాలుగు వారాలు, రోజూ ఒక్క లైను రాస్తే చాలు. ఎక్కడికి వెళ్లాం, ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది, ఎంత బరువు. అంతే. మీ దగ్గర ఇప్పుడు బైకు, ఆటో, కారు, కిరాయి బండి ఏది నడుస్తున్నా సరే, అన్నీ రాయండి.

మా ఇంటి పుస్తకంలో తేలింది ఇది: నెలలో దాదాపు ఇరవై రోజులు మనుషుల ప్రయాణమే, బరువు అసలు లేదు. ఎనిమిది రోజులు నాలుగైదు వందల కిలోల సరుకు, దాంతో పాటు ఇద్దరు ముగ్గురు మనుషులు. నిండు లోడుతో పాటు ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లిన రోజులు నెలకి ఒకటి రెండే. మనం బండిని ఊహించుకునేది మాత్రం ఎప్పుడూ ఆ ఒకటి రెండు రోజుల్ని దృష్టిలో పెట్టుకునే! మిగతా ఇరవై ఎనిమిది రోజులు ఆ సైజుకి ఈఎంఐ, డీజిలు కడుతూ ఉంటాం.

మామిడి, నిమ్మ లాంటి తోటలున్నవాళ్లు కోత నెల విడిగా రాసుకోండి. సీజన్‌లో రెండు నెలలు కిరాయి బండి పెట్టుకోవడం, ఆ రెండు నెలల కోసం ఏడాదంతా పెద్ద బండి మేపడం, ఈ రెండిట్లో ఏది చవకో పుస్తకమే చెబుతుంది.

ఆర్‌సీలో రెండు అంకెలు

ప్రతి బండి ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి. ఒకటి అన్‌లాడెన్ వెయిట్, అంటే ఖాళీ బండి బరువు. రెండోది లాడెన్ వెయిట్, దీన్నే గ్రాస్ వెయిట్ అని కూడా అంటారు. అంటే అన్నీ కలిపి ఆ బండి మోయడానికి అనుమతి ఉన్న మొత్తం బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మన సొంతం.

చాలామంది ఈ మిగిలినదంతా తొట్టిలో వేసుకోవచ్చు అనుకుంటారు. మనుషులు కూడా అందులోకే వస్తారు. బండి కమాన్ పట్టీలకీ బ్రేకులకీ టైర్లకీ టమాటా ట్రే అయినా మా అమ్మ అయినా బరువు బరువే.

ఒక ఉదాహరణ వేద్దాం. ఖాళీ బరువు 1,900 కిలోలు, మొత్తం బరువు 2,700 కిలోలు ఉన్న డబుల్ క్యాబ్ అనుకోండి. తేడా 800 కిలోలు. అబ్బో చాలా ఉంది అనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కుదాం. నేను 75, మా ఆవిడ 60, అమ్మ 65, పెద్దాడు 30, చిన్నది 20. మొత్తం 250. మిగిలింది 550.

తొట్టిలో చక్రాల గుబ్బల మధ్య కింద వరుసకి ఎనిమిది ట్రేలు పట్టాయి అనుకుంటే, మూడు వరుసలకి 24. ట్రేకి 20 కిలోల సరుకు, అంటే 480. ఖాళీ ట్రే ఒక్కోటి రెండు కిలోలు వేసుకుంటే ఇంకో 48. అప్పటికి 528 అయ్యింది. కాటా, గొడుగు టెంటు, మడత టేబులు కలిపి 40. మొత్తం 568. చూశారా, కంటికి సగం లోడులా కనిపించే బండి 18 కిలోలు దాటిపోయింది. తొట్టి నిండకముందే బరువు నిండుతుంది. ఆకుకూరలకి ఇది తిరగబడుతుంది, బరువు నిండకముందే చోటు నిండుతుంది.

జీవామృతం లెక్క ఇంకా సులువు. ఎకరానికి 200 లీటర్లు అని మనందరికీ కొండగుర్తు. ఒక డ్రమ్ము 200 కిలోల పైమాటే. మూడెకరాలకి మూడు డ్రమ్ములు, అంటే 600 కిలోలు దాటింది. ఘనజీవామృతం ఎకరానికి 400 కిలోలు వేసేవాళ్లకి రెండెకరాల బస్తాలకే 800 నిండిపోతుంది, ఇక డ్రైవరు దిగి నడవాలి! ద్రవం మోసేటప్పుడు ఇంకో సంగతి. సగం నిండిన డ్రమ్ము నిండు డ్రమ్ము కన్నా ప్రమాదం. మలుపులో లోపలి ద్రవమంతా ఒక పక్కకి వచ్చి బండిని తోస్తుంది. నింపితే పూర్తిగా నింపండి, బెల్టు వేసి క్యాబిన్ గోడకి ఆనించి కట్టండి. డబుల్ క్యాబ్ తొట్టిలో సగం దాకా వెనక ఇరుసుకి అవతలే ఉంటుంది. బరువంతా చివర్లో పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది.

షోరూమ్‌లో నాకు ఒక కుర్రాడు "సార్, టన్ను వేసినా ఏం కాదు, మనోళ్లు టన్నున్నర వేస్తున్నారు" అన్నాడు. బండికి వెంటనే ఏం కాకపోవచ్చు. పట్టుకుంటే మాత్రం 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. అది ఒక వారం సంత డబ్బు. జరిమానా కన్నా పెద్ద సంగతి బ్రేకు. ఐదుగురు కూర్చున్న బండి అది.

తెల్ల బోర్డా, పసుపు బోర్డా

మన దగ్గర పికప్‌లు రెండు రకాలుగా రిజిస్టర్ అవుతున్నాయి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలైతే సొంత వాడకం. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలైతే గూడ్స్ బండి. కొనేటప్పుడు సేల్స్ వాళ్లు దీన్ని రంగు తేడాలా చెప్పి దాటేస్తారు. తేడా చాలా ఉంది.

తెల్ల బోర్డు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నడుస్తుంది, మధ్యలో ఫిట్‌నెస్ గొడవ లేదు. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్లు వచ్చేవరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. థర్డ్ పార్టీ ప్రీమియం కూడా వేరు. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1,500 సీసీ దాటిన ప్రైవేటు కారుకి ఏడాదికి 7,897 రూపాయలు, 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి 16,049 రూపాయలు, రెండిటికీ జీఎస్టీ అదనం. రోడ్డు పన్ను పద్ధతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీ ఆర్టీఏ ఆఫీసులో అడిగి రాసుకోండి.

ఇవన్నీ చూస్తే తెల్ల బోర్డే హాయి అనిపిస్తుంది. కానీ తెల్ల బోర్డు మీద అమ్మే షోకు పికప్‌లకి ఆర్‌సీలో అనుమతించిన లోడు గూడ్స్ డబుల్ క్యాబ్ కన్నా బాగా తక్కువ. బండి ఎత్తుగా, టైర్లు లావుగా, ఇంజను బలంగా ఉంటుంది. కాగితం మీద మాత్రం ఐదుగురు ఎక్కాక మిగిలేది కొన్ని బస్తాలే. అందుకే వేరియంట్ వేరియంట్‌కీ ఆ రెండు అంకెలు అడగండి. బ్రోషర్‌లో లేకపోతే అదే మోడల్ కొన్నవాళ్ల ఆర్‌సీ చూడండి.

మనలో గుంపుగా అమ్మేవాళ్లు ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఐదుగురు రైతుల సరుకు ఒకే బండిలో వేసుకుని, ట్రేకి ఇంత అని తలా కొంత డీజిలు డబ్బు తీసుకోవడం మన దగ్గర మామూలే. మనం దాన్ని సాయం అనుకుంటాం. తెల్ల బోర్డు మీద అదే పని కిరాయి కింద లెక్కకొస్తే అటు కేసు, ఇటు క్లెయిమ్ తిరస్కారం, రెండూ రావచ్చు. పక్కవాళ్ల సరుకు వేసే ఆలోచన ఉంటే పసుపు బోర్డు తప్ప వేరే దారి చూడకండి.

పసుపు బోర్డు అంటే భయపడేవాళ్లకి రెండు ఊరటలు. మొత్తం బరువు 3,000 కిలోలు మించని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. లైసెన్సు సంగతి చూస్తే, 7,500 కిలోల లోపు రవాణా బండిని మామూలు ఎల్ఎంవీ లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఇంట్లో కారు లైసెన్సు ఉన్న ఆడవాళ్లు కూడా దాన్ని నిశ్చింతగా నడపొచ్చు.

పాలసీ కాగితం: ఇది మాత్రం దాటేసి చదవకండి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ భాగమే.

గూడ్స్ బండిలో మనుషులు ఎక్కితే ఇన్సూరెన్స్ పరిస్థితి ఏమిటి? 2002లో సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో చెప్పింది ఇది: గూడ్స్ బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికుల విషయంలో పరిహారం కట్టే బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీ మీద లేదు. 1994 చట్ట సవరణ తర్వాత సరుకు యజమానికి, లేదా సరుకుతో పాటు వచ్చే ఆయన ప్రతినిధికి రక్షణ ఉంది.

దీన్ని మన ఇంటికి అన్వయించుకోండి. కలుపు తీతకి ఎనిమిది మంది కూలీలు కావాలి. క్యాబిన్‌లో డ్రైవరు కాక నలుగురు పడతారు. మిగతా నలుగురు "మేం వెనక కూర్చుంటాంలే అయ్యా, రెండు కిలోమీటర్లే కదా" అంటారు. వాళ్లు అలవాటుగానే అంటారు, మనమూ అలవాటుగానే సరే అంటాం. ఆ రెండు కిలోమీటర్లలో బండి కాలవలోకి ఒరిగితే? ముందు పోయేది వాళ్ల ప్రాణం. తర్వాత వచ్చే పరిహారం మన మీద పడుతుంది. అంత డబ్బు మన దగ్గర ఉండేది పొలం రూపంలోనే. తొట్టిలో మనిషి వద్దు, పిల్లలు సరదాకి కూడా వద్దు. కూలీలకి ఆటో మాట్లాడండి. ఆ కిరాయి సాగు ఖర్చులో ఒక లైనుగా రాసుకోండి.

ఇంకో మెలిక చాలామందికి తెలియదు. పసుపు బోర్డు డబుల్ క్యాబ్‌లో వెనక సీటు మీద బెల్టు పెట్టుకుని దర్జాగా కూర్చున్న మన అమ్మానాన్నలు, పిల్లలు ఏ లెక్కలోకి వస్తారు? ఆర్‌సీలో సీటింగ్ ఐదు అని ఉన్నా, పాలసీ గూడ్స్ బండి పాలసీ. పెళ్లికి వెళ్లే రోజు అందులో సరుకూ లేదు, సరుకు యజమానీ లేడు. కాబట్టి పాలసీ తీసుకునేటప్పుడే రెండు అడగండి. ఒకటి, కిరాయి కట్టని ప్రయాణికులకి అదనపు కవర్. దీన్ని ఏజెంట్లు నాన్ ఫేర్ పేయింగ్ ప్యాసింజర్ కవర్ అంటారు. రెండు, సీట్లు ఎన్ని ఉంటే అంతమందికి పర్సనల్ యాక్సిడెంట్ కవర్. ఎంత ఇస్తారో, ఎవరికి వర్తిస్తుందో పాలసీ మీద అచ్చులో కనిపించాలి. "అన్నీ ఉంటాయి సార్, నేను చూసుకుంటా" అనే మాట పాలసీ కాదు. ఒక ఏజెంటు నాకు ఇదే మాట చెప్పాడు. "మంచిది తమ్ముడూ, ఆ మాటే మెయిల్‌లో పెట్టు" అన్నాను. రెండు రోజులకి పై ఆఫీసులో కనుక్కుని, అదనపు కవర్ తీసుకుంటేనే వస్తుందని ఆయనే చెప్పాడు.

ఈ కవర్ మీకు రాతపూర్వకంగా దొరకకపోతే, పసుపు బోర్డు బండిని కుటుంబ బండి అనుకోకండి. అది సరుకు బండే.

మార్కెట్లో ఏమున్నాయి

నేను తిరిగి చూసినంతలో డబుల్ క్యాబ్‌లు రెండు మెట్లుగా ఉన్నాయి.

పై మెట్టులో ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్. వీ-క్రాస్ మన శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. ఇంజను 1.9 లీటర్ల డీజిల్, 163 పీఎస్. హైలక్స్ మన దేశంలోకి 2022లో వచ్చింది, 2.8 లీటర్ల డీజిల్, 204 పీఎస్, అన్ని వేరియంట్లలో ఫోర్ బై ఫోర్ ఉంది. రెండూ నడపడానికి పెద్ద ఎస్‌యూవీలా ఉంటాయి, రాత్రి హైవే మీద ధైర్యంగా ఉంటుంది. ఆన్‌రోడ్ ధర ఇరవై లక్షలు దాటి చాలా దూరం పోతుంది. పొడవు 5.3 మీటర్ల దగ్గర. మామూలు చిన్న కారు నాలుగు మీటర్ల లోపు. ఆ తేడా మీ ఊరి సందులో మలుపు తిప్పేటప్పుడు, పట్నంలో అపార్టుమెంటు ముందు డెలివరీ ఇచ్చేటప్పుడు తెలుస్తుంది.

కింది మెట్టులో మహీంద్రా బొలెరో క్యాంపర్, టాటా యోధా క్రూ క్యాబ్, ఇసుజు ఎస్-క్యాబ్ లాంటివి. ఇవి గూడ్స్ బండ్లు. లోడు బాగా మోస్తాయి, ధర పై మెట్టులో సగం లేదా అంతకన్నా తక్కువలో మొదలవుతుంది. పల్లెల్లో మెకానిక్కు, విడిభాగాలు దొరకడం పెద్ద బలం. సీటు మెత్తదనం, ఎయిర్‌బ్యాగులు, శబ్దం దగ్గర రాజీ పడాలి. ఏ వేరియంట్‌లో ఎన్ని ఎయిర్‌బ్యాగులు, వెనక ముగ్గురికీ బెల్టులు ఉన్నాయా అని విడివిడిగా అడగాలి. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ స్టార్ రేటింగులు ప్రయాణికుల కార్లకే. గూడ్స్ పికప్‌లకి ఆ నక్షత్రాలు లేవు, మనమే చూసుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో స్కార్పియో గెటవే, టాటా జెనాన్ కనిపిస్తాయి. రెండిటి తయారీ ఆగిపోయింది. ఇంజను భాగాలకి ఇబ్బంది లేకపోయినా క్యాబిన్ వెనక డోర్లు, అద్దాలు, తొట్టి భాగాలు దొరుకుతాయో లేదో మీ మెకానిక్కుని ముందే అడగండి. తొట్టి అడుగున, చాసిస్ మీద తుప్పు టార్చి వేసి చూడండి.

ఫోర్ బై ఫోర్ కావాలా? నల్లరేగడిలో వానాకాలం తోట లోపలికి బండితోనే పోవాల్సినవాళ్లకి కావాలి. గట్టు దాకా రోడ్డు ఉండి, అక్కడి నుంచి ట్రాక్టరో ఎడ్లబండో సరుకు బయటికి తెచ్చేవాళ్లకి ఆ డబ్బు దండగ.

డీజిల్ సంగతి ఒకటి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బళ్లలో ఎక్కువవాటికి పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. దాన్నే డీపీఎఫ్ అంటారు. బండి వేడెక్కి కాసేపు ఒకే వేగంతో నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. రోజూ స్కూలుకి మూడు కిలోమీటర్లు, పొలానికి రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగితే ఫిల్టరు మూసుకుపోయి లైటు వెలుగుతుంది. వారానికి ఒకసారైనా హైవే ఎక్కే ఇల్లు అయితే ఇబ్బంది లేదు. ఊళ్లో చిన్న చిన్న తిరుగుళ్లే ఉంటే డీజిల్ పికప్ రోజువారీ బండిగా సరైనది కాదు.

షోరూమ్‌కి అమ్మతో, బస్తాలతో వెళ్లండి

ఒక్కరే వెళ్లి ఖాళీ బండి హైవే మీద పది నిమిషాలు తిప్పి వచ్చేయకండి. పికప్ వెనక కమాన్ పట్టీలు లోడు కోసం కట్టినవి. ఖాళీగా ఉన్నప్పుడు గుంతల్లో ఎగిరేస్తుంది. మన పుస్తకం లెక్కలో ఇరవై రోజులు ఖాళీ ప్రయాణమే అని మరిచిపోవద్దు.

ఇంట్లో పెద్దవాళ్లని వెనక సీట్లో కూర్చోబెట్టండి. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి ఎవరి సాయం లేకుండా ఎక్కగలదా? పట్టుకోవడానికి పిడి ఉందా? వెనక సీటు వీపు నిటారుగా ఉంటుంది, ముప్పావుగంట కూర్చున్నాక నడుము ఏమంటోందో అడగండి. మా అమ్మ అయితే దిగి, "కూర్చోడానికి బానే ఉందిరా, ఎక్కడానికే ఇంకో మెట్టు కావాలి" అంది. పక్క మెట్టు బిగించాక ఆ సమస్య తీరింది.

పిల్లలకి సీటు బెల్టు ఎక్కడ తగులుతుందో చూడండి, మెడ మీద కాదు, భుజం మీద ఉండాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో పెట్టకపోతే 1,000 రూపాయలు జరిమానా అని చట్టంలోనే ఉంది.

తర్వాత బేరం చేసి ఒప్పించి, నాలుగైదు బస్తాలు వేసి నడపండి. బ్రేకు ఎంత దూరంలో పట్టింది, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు ఎన్నిసార్లు మార్చాల్సి వచ్చింది, రివర్సులో వెనక ఏం కనిపిస్తోంది, ఇవి చూడండి. గూడ్స్ వేరియంట్ అయితే వేగ పరిమితి పరికరం పెట్టారా అని కూడా అడగండి, హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా ప్రాణం మీదకి వస్తుంది. డ్రైవరు డోరు దగ్గర టైరు గాలి స్టిక్కరు ఉంటుంది. ఖాళీకి ఒక అంకె, లోడుకి ఒక అంకె. రోజూ లోడు గాలితో తిరిగితే నడుములు పోతాయి, ఖాళీ గాలితో లోడు వేస్తే టైర్లు పోతాయి.

కొన్నాక మొదటి పని తొట్టికి ప్లాస్టిక్ లైనరు వేయించడం. మూత్రం, జీవామృతం రంగు లేచిన ఇనుముని తినేస్తాయి. ఒలికిన రోజే కడగాలి. ఆకుకూరలు మోసేవాళ్లు పైన పందిరి కట్టించుకోండి, లేదా తడి గోనె, దాని మీద పట్టా. గాలి తగిలితే తోటకూర పట్నం చేరేసరికి వాడిపోతుంది.

నెల లెక్క

పది లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ నెలకి సుమారు 21,250. ఇరవై లక్షలైతే 42,500. నెలకి 1,200 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకి 12 వచ్చే బండికి వంద లీటర్లు. లీటరు వంద రూపాయలు వేసుకుంటే 10,000. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్ల కోసం నెలకి ఇంకో నాలుగైదు వేలు పక్కన పెట్టాలి. అంటే పది లక్షల అప్పు బండి నెలకి 35,000 తింటుంది, ఇరవై లక్షల అప్పు బండి 56,000 పైన.

ఎదురుగా ఇది పెట్టి చూడండి. మా దగ్గర చిన్న గూడ్స్ బండి కిరాయి పట్నానికి ట్రిప్పుకి రెండు వేలు. నెలకి ఎనిమిది ట్రిప్పులు 16,000. నాలుగు ట్రిప్పులే ఉంటే 8,000. బండి ఉంటే కుటుంబ ప్రయాణం కూడా కలిసొస్తుంది, సరుకు మన టైముకి పోతుంది, ఆర్డరు పెరుగుతుంది, నిజమే. కానీ పెరగబోయే ఆర్డరుని ఈ నెల ఈఎంఐలో కట్టలేం. ఇప్పుడు వస్తున్న అమ్మకం మీద లెక్క వేసుకోండి. ఒక పంట దెబ్బతిన్న ఏడాది కూడా ఈఎంఐ ఆగదు. రసాయనం మానేసి అప్పు తగ్గించుకున్నాం అనుకునే మనం, ఆ అప్పుని బండి రూపంలో మళ్లీ ఇంటికి తెచ్చుకోకూడదు.

ఎవరికి ఏది

నెలకి నాలుగు కన్నా తక్కువ లోడు ట్రిప్పులు ఉన్నవాళ్లు: పికప్ వద్దు. ఇంటికి కారు, సరుకుకి కిరాయి బండి.

వారానికి రెండు లోడు ట్రిప్పులు, నాలుగైదు వందల కిలోలు, పక్క రైతుల సరుకు కూడా వేసేవాళ్లు: పసుపు బోర్డు డబుల్ క్యాబ్, ప్రయాణికుల అదనపు కవర్‌తో. మేం తీసుకున్నది ఇదే. నిండు లోడు రోజున క్యాబిన్‌లో ముగ్గురికి మించం అని ఇంట్లో నియమం పెట్టుకున్నాం. పెద్దవాళ్లతో దూర ప్రయాణం ఉంటే బస్సో రైలో.

సరుకు తక్కువ, విలువ ఎక్కువ, అంటే నెయ్యి, తేనె, బెల్లం, దేశీ బియ్యం లాంటివి అమ్ముతూ, దూరాలు ఎక్కువ తిరిగే ఇల్లు, చేతిలో సగం పైన సొంత డబ్బు ఉన్నవాళ్లు: తెల్ల బోర్డు పికప్ సరిపోతుంది. లోడు అంకె ముందు చూసుకుని, సొంత సరుకు అమ్మకానికి తీసుకెళ్లడం గురించి ఆర్టీఏలోనూ ఇన్సూరెన్స్ కంపెనీలోనూ అడిగి రాతపూర్వకంగా తీసుకుని.

రోజూ టన్ను దగ్గర మోసేవాళ్లు: డబుల్ క్యాబ్ మీద ఆశ వదిలేయండి. సింగిల్ క్యాబ్ గూడ్స్ బండి ఒకటి, ఇంటికి పాత చిన్న కారు ఒకటి. రెండూ కలిపినా పై మెట్టు పికప్ కన్నా తక్కువలో వస్తాయి. ఒకటి రిపేరుకి వెళ్లినా ఇంకోటి ఇంట్లో ఉంటుంది.

షోరూమ్‌కి వెళ్లేటప్పుడు ఈ ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఈ వేరియంట్ అన్‌లాడెన్, లాడెన్ బరువులు ఎంత? ఏ బోర్డు మీద రిజిస్టర్ అవుతుంది? క్యాబిన్‌లో కూర్చున్న అందరికీ పాలసీలో కవర్ ఎక్కడ రాసి ఉంది? ఎన్ని ఎయిర్‌బ్యాగులు, ఎన్ని బెల్టులు? మా ఊరికి ముప్పై కిలోమీటర్ల లోపు సర్వీసు ఉందా? ఐదిటికీ జవాబు రాతలో వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. రంగు సంగతి పిల్లలకి వదిలేయండి, అది వాళ్లే తేలుస్తారు.

వచ్చే వీడియోలో తొట్టికి పందిరి, ట్రేలు కదలకుండా కట్టే పద్ధతి, జీవామృతం డ్రమ్ముకి తక్కువ ఖర్చులో స్టాండు చూపిస్తాను. ఈలోపు నోటు పుస్తకం మొదలుపెట్టండి. నాలుగు వారాలు ఎంతో లేవు.